తడి కాగితం మీద పసుపు ఎక్కడ వెయ్యాలో ఎవరు చెప్పాలి?

వాల్డార్ఫ్ అనే ప్రత్యామ్నాయ విద్యా పద్ధతిలో నడిచే స్కూల్లో ఒకటో తరగతి గదిలోకి వెళితే గోడ మీద వరసగా పిల్లల పెయింటింగులు కనిపిస్తాయి. అందంగానే ఉంటాయి, అందులో అనుమానం లేదు. మధ్యలో పసుపు, అంచుల నుంచి లోపలికి వస్తున్న నీలం, రెండూ కలిసిన చోట లేత ఆకుపచ్చ. పక్క బొమ్మా అంతే. దాని పక్కదీ అంతే. కింద పేరు రాయకపోతే ఏది ఎవరిదో కన్నతల్లి కూడా చెప్పలేదు. మార్కుల్లేవు, ర్యాంకుల్లేవు, మీ పిల్లల సృజనాత్మకతకు స్వేచ్ఛ ఇస్తాం అని గర్వంగా చెప్పుకునే చోట తరగతి తరగతంతా ఒకే బొమ్మ ఎందుకు వేసింది అని ఎవరైనా అడిగితే అది న్యాయమైన ప్రశ్నే.

ముందు ఆ బొమ్మ ఎలా తయారవుతుందో చూడాలి. మందపాటి కాగితాన్ని నీళ్ల ట్రేలో నానబెడతారు. చాలా చోట్ల కాగితం మూలలు కూడా గుండ్రంగా కత్తిరించి ఉంచుతారు. నానిన కాగితాన్ని చెక్క పలక మీద పరిచి, పైన నిలిచిన నీళ్లూ కింద చిక్కుకున్న గాలిబుడగలూ పోయేలా స్పాంజితో ఒత్తుతారు. ఒక్కో పిల్లకి చిన్న సీసాలో పల్చగా కలిపిన రంగు, వెడల్పాటి బ్రష్ ఒకటి, కడుక్కోడానికి నీళ్లు, తుడుచుకోడానికి గుడ్డ. మొదట్లో ఒకటే రంగు, కొన్ని వారాల తర్వాత రెండోది. టీచరు ఒక చిన్న కథ చెబుతారు. పసుపు మధ్యలో ఆడుకుంటూ ఉంటుంది, నీలం సిగ్గుపడుతూ మూలల నుంచి మెల్లగా వస్తుంది, ఇద్దరూ చేతులు కలిపితే ఆకుపచ్చ పుడుతుంది, ఇలాంటిది. టీచరు ఒకసారి వేసి చూపిస్తారు, తర్వాత పిల్లలు వేస్తారు. కాగితం తడిగా ఉంది కాబట్టి గీత నిలవదు, రంగు దాని దారిన అది పాకుతుంది. ఇల్లు వేద్దామన్నా, కారు వేద్దామన్నా కుదరదు. కుదరకూడదనే ఆ ఏర్పాటంతా.

ఇది ఎవరో ఒక టీచరు సొంతంగా పెట్టుకున్న పద్ధతి కాదు. వాల్డార్ఫ్ విద్యకు మూలపురుషుడు ఆస్ట్రియన్ తత్వవేత్త రుడాల్ఫ్ స్టైనర్ (1861–1925). జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో వాల్డార్ఫ్-ఆస్టోరియా అనే సిగరెట్ ఫ్యాక్టరీ ఉండేది. ఆ కార్మికుల పిల్లల కోసం స్కూలు పెట్టమని యజమాని ఎమిల్ మోల్ట్ అడిగితే 1919లో స్టైనర్ మొదటి స్కూలు నడిపించారు, పేరు అక్కడి నుంచే వచ్చింది. (సిగరెట్ల కంపెనీ పేరు వందేళ్లుగా పిల్లల స్కూళ్లకి అంటుకుని ఉండటం విచిత్రమే.) అంతకుముందు ఆయన థియోసాఫికల్ సొసైటీ (దివ్యజ్ఞాన సమాజం) జర్మన్ శాఖకి పెద్ద. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని రాబోయే జగద్గురువని ఆ సొసైటీ అధ్యక్షురాలు అనీబీసెంట్ వర్గం ప్రకటించడం ఆయనకి మింగుడుపడలేదు, ఆ గొడవలోనే 1912–13లో విడిపోయి ఆంత్రోపాసఫీ పేరుతో తన సొంత ఆధ్యాత్మిక ఉద్యమం పెట్టుకున్నారు. ఆ తర్వాత కృష్ణమూర్తి పేరున మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ స్కూలు వచ్చింది, స్టైనర్ పేరున ప్రపంచమంతా వెయ్యికి పైగా స్కూళ్లు వచ్చాయి. దేశంలో తొలి వాల్డార్ఫ్ స్కూళ్లలో ఒకటి 1990ల చివర్లో హైదరాబాద్‌లోనే మొదలైంది, కాబట్టి ఇది ఎక్కడో యూరప్ గొడవ అని పక్కన పెట్టేయడానికి లేదు.

రంగుల మీద స్టైనర్ 1921లో ఇచ్చిన ఉపన్యాసాలున్నాయి. వాటి వెనక జర్మన్ కవి గ్యేటే 1810లో రాసిన రంగుల సిద్ధాంతం ఉంది, దాని మీద స్టైనర్ తన ఆధ్యాత్మిక చూపు చేర్చారు. ఆయన చెప్పేదాంట్లో పసుపు మధ్య నుంచి బయటికి ప్రసరించాలనుకుంటుంది, నీలం అంచుల్లో చిక్కగా ఉండి లోపలికి పల్చబడాలనుకుంటుంది, ఎరుపు అంతటా సమానంగా పరుచుకోవాలనుకుంటుంది. ఇప్పుడు ఒకటో తరగతి బొమ్మ మళ్లీ చూస్తే సంగతి అర్థమవుతుంది. అది పిల్లల ఊహ కాదు, ఒక పెద్దాయన రంగుల గురించి చెప్పిన మాటకి పిల్లల చేత గీయించిన పటం. ఎవడైనా నీలాన్ని నడిబొడ్డున కుమ్మరించి చుట్టూ పసుపు పూశాడనుకోండి, చేతగాక అలా చేశాడని ఎవరూ అనరు, కోప్పడరు కూడా. కానీ నీలం ఏమంటోందో వాడు ఇంకా వినడం లేదు అనుకుంటారు. వచ్చే వారం కథ ఇంకాస్త స్పష్టంగా చెబుతారు.

గీత మీద కూడా ఇలాంటి పట్టింపే ఉంది. గీతతో బొమ్మ వెయ్యడమే ఒక రకం అసత్యం అని స్టైనర్ 1919లో టీచర్లకి చెప్పారు. పైన ఆకాశం నీలం, కింద సముద్రం ఆకుపచ్చ, ఆ రెండూ తగిలిన చోట దిగంతం తనంతట తనే ఏర్పడుతుంది, మధ్యలో పెన్సిలు గీత ప్రకృతిలో ఎక్కడుంది అన్నది ఆయన వాదం. మంచి చిత్రకారులెవరూ దీన్ని పూర్తిగా కాదనరు. కానీ ఇదే మాట ఆరేళ్ల పిల్లకి ఎలా చేరుతుందో చూడండి. చిన్న తరగతుల్లో సన్నటి క్రేయాన్లకి బదులు తేనెమైనంతో చేసిన పలక లాంటి క్రేయాన్ ముక్కలు ఇస్తారు. వాటి పక్కతో రుద్దితే రంగు పరుచుకుంటుంది, కళ్లూ ముక్కూ చక్రాలూ గీయడం మాత్రం కష్టం. ఆ పెట్టెలో చాలా చోట్ల నలుపు ఉండదు, టీచరు ముందే తీసేస్తారు. పిల్లలకి నలుపంటే మహా ఇష్టం, గట్టిగా కనిపిస్తుంది, జుట్టుకి కావాలి, టైరుకి కావాలి, మన పిల్లలు గీసే మనుషులకైతే తలకాయంతా నలుపే కావాలి. నల్లజుట్టు పిల్ల తన బొమ్మ తను వేసుకోవాలంటే ముదురు గోధుమరంగుతో సరిపెట్టుకోవాలి. సిద్ధాంతం తయారైన జర్మనీలో ఈ ఇబ్బంది అంతగా తగిలి ఉండదు.

ఇదే సంగతి పుస్తకాల్లోనూ కనిపిస్తుంది. పాఠ్యపుస్తకాలు ఉండవు, పిల్లలే సొంత పుస్తకం తయారు చేసుకుంటారు అని ఈ స్కూళ్లు చెప్పుకుంటాయి. నిజమే. అయితే చిన్న తరగతుల్లో ఆ సొంత పుస్తకంలో ఉండేది చాలావరకు బ్లాక్‌బోర్డు మీద టీచరు రంగు సుద్దలతో వేసిన బొమ్మకీ, రాసిన వాక్యాలకీ నకలు. ఆ బోర్డు బొమ్మలు కొన్ని చూస్తే చెరిపెయ్యాలంటే ప్రాణం ఒప్పదు, అంత బాగుంటాయి. అంత బాగుండటమే చిక్కు. ఎదురుగా అంత పెద్ద నెమలి మెరుస్తుంటే ఏ పిల్ల తన వంకర నెమలిని ధైర్యంగా వేసుకుంటుంది?

ఇంతవరకు చదివి, అయితే ఇదంతా మోసమే అనుకుంటే తొందరపాటే. ఈ పద్ధతిలో మామూలు డ్రాయింగ్ పీరియడ్‌లో దొరకనివి కొన్ని ఉన్నాయి. తడి కాగితం మీద ఎవరిదీ చెడిపోయిన బొమ్మ కాదు, అన్నీ ఒక మాదిరిగా బాగానే వస్తాయి. నాకు డ్రాయింగ్ రాదు అని ఏడేళ్లకే తేల్చేసుకున్న పిల్లలు మన స్కూళ్లలో తరగతికి సగం మంది ఉంటారు, అక్కడ ఆ మాట వినిపించడం తక్కువ. నీళ్లు ఎంత పిండాలి, బ్రష్ మీద ఎంత రంగు ఉండాలి, రెండో రంగు పెట్టేముందు ఎంతసేపు ఆగాలి, ఇవి చేతికి వచ్చే విద్యలు. రంగుతో తొందర పడితే ఏమవుతుందో మాటల్లో చెప్పక్కర్లేదు, కాగితమే బురదగా మారి చూపిస్తుంది. వారంలో ఒక పూట మొత్తం రంగులకి కేటాయించడం కూడా చిన్న విషయం కాదు. మన దగ్గర డ్రాయింగ్ పీరియడ్ గతి అందరికీ తెలుసు: అర్ధసంవత్సర పరీక్షలు దగ్గరపడగానే లెక్కల మాస్టారు లాగేసుకునే మొదటి పీరియడ్ అదే.

ఈ పద్ధతిని వెనకేసుకొచ్చేవాళ్లు అడిగే ఒక ప్రశ్న మన వాళ్లకి వెంటనే తగులుతుంది. సంగీతంలో మొదటి రోజే రాగాలాపన చెయ్యమంటారా? సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారాలు, గీతాలు, స్వరజతి, వర్ణం, ఆ పైన కృతులు, అప్పటికి ఏళ్లు గడుస్తాయి, మనోధర్మం (అక్కడికక్కడే సొంతంగా కల్పించి పాడటం) అనేది ఆ తర్వాత మాట. తరగతంతా కలిసి మాయామాళవగౌళలో ఒకే స రి గ మ పాడుతుంటే అయ్యో వీళ్ల సృజన చచ్చిపోతోందని ఎవరూ బాధపడరు కదా. మరి రంగులకి మాత్రం మొదటి రోజు నుంచే స్వేచ్ఛ ఎందుకు? వాదన గట్టిదే. దీన్ని కొట్టిపారెయ్యలేం. కానీ ఇందులో రెండు తేడాలున్నాయి. సరళీ వరుసలు నేర్పే మాస్టారు ఎవరూ మా పిల్లలు స్వేచ్ఛగా తమ భావాల్ని వ్యక్తం చేస్తున్నారు అని చెప్పుకోరు, ఇది సాధన అనే చెబుతారు, వినేవాళ్లకీ అలాగే వినిపిస్తుంది. రెండోది, ఆ సాధన చివర మనోధర్మం అనే తలుపు ఉంది, అది ఎక్కడుందో గురువుకీ తెలుసు శిష్యుడికీ తెలుసు, అక్కడికి చేరనివాణ్ణి పూర్తి విద్వాంసుడని ఎవరూ అనరు. రంగుల పాఠానికి ఆ తలుపు ఎక్కడుంది అన్నదే అసలు అడగాల్సింది. నియమం పెట్టడం తప్పు కాదు. నియమాన్ని స్వేచ్ఛ పేరుతో అమ్మడం, అది ఎప్పుడు సడలుతుందో చెప్పకపోవడం, ఈ రెండే తప్పు.

అవతలి పక్షానిదీ ఒక అమాయకత్వం ఉంది. పిల్లల చేతికి తెల్లకాగితం ఇచ్చి నీ ఇష్టమొచ్చింది వేసుకో అంటే చాలు సృజన పొంగుకొస్తుంది అనుకోవడం. తెలుగు రాష్ట్రాల్లో ఏ స్కూల్లోనైనా అలా ఇచ్చి చూడండి. రెండు త్రికోణపు కొండలు, వాటి మధ్య సగం సూర్యుడు, ఇటు గుడిసె, గుడిసె పక్కన వంగిన కొబ్బరిచెట్టు, కొండల నుంచి మెలికలు తిరుగుతూ కిందికి వచ్చే ఏరు, ఆకాశంలో టిక్కు మార్కుల్లాంటి పక్షులు. శ్రీకాకుళంలోనూ అదే, ఆదిలాబాద్‌లోనూ అదే, అమెరికాలో స్థిరపడిన మేనమామకి పంపిన పుట్టినరోజు కార్డు మీదా అదే. అపార్ట్‌మెంటులో పుట్టి పెరిగిన పిల్ల గుడిసె వేస్తుంది. దీన్ని ఏ సిలబస్సూ పెట్టలేదు, ఏ స్టైనరూ చెప్పలేదు. పక్కవాడి కాగితం నుంచి, అక్క నోట్‌బుక్ నుంచి, డ్రాయింగ్ పుస్తకం నుంచి దిగింది. పిల్లలు బొమ్మలు నేర్చుకునేది ఎక్కువగా వేరే బొమ్మల నుంచే అని పిల్లల చిత్రాల మీద ఏళ్ల తరబడి పనిచేసిన బ్రెంట్ విల్సన్ లాంటివాళ్లు వాదించారు. పెద్దలు తప్పుకున్నంత మాత్రాన ఖాళీ మిగలదు, ఆ ఖాళీలోకి మూస వచ్చి కూర్చుంటుంది. ఇప్పుడైతే ఆ మూస యూట్యూబ్ నుంచి వస్తోంది, అంతే తేడా.

స్వేచ్ఛావాదుల ఆదిగురువు ఫ్రాంజ్ చిజెక్ కథలో కూడా ఇదే కనిపిస్తుంది. ఆయన 1897లో వియన్నాలో పిల్లల చిత్రకళా తరగతి మొదలుపెట్టారు. పిల్లలకి నేర్పకండి, వాళ్లని పెరగనివ్వండి అన్నది ఆయన మాట. అప్పటి వియన్నాలో తిరుగుబాటు చిత్రకారులు చాలామంది ఆయన స్నేహితులు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆ పిల్లల బొమ్మలు ఇంగ్లండ్ వెళ్లి ప్రదర్శనకి పెడితే జనం ముగ్ధులైపోయారు. కొందరికి మాత్రం అనుమానం వచ్చింది: ఇంతమంది స్వేచ్ఛగా వేస్తే అన్నిటికీ ఒకే అలంకారం, ఒకే చదునైన రంగులు, అచ్చంగా అప్పటి వియన్నా ఫ్యాషన్ ఎలా వచ్చింది? చిజెక్ అబద్ధమాడారని కాదు. ఏ బొమ్మ దగ్గర ఆయన కళ్లు మెరిశాయో పిల్లలు చూసి ఉంటారు. పిల్లలకి అంతకన్నా సిలబస్ అక్కర్లేదు.

ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి సంగతి చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. పిల్లల స్వేచ్ఛకి మారుపేరుగా ఆమెను చెప్పుకుంటాం, 1939లో ఆమె మద్రాసు అడయారుకు వచ్చి యుద్ధం వల్ల ఏళ్ల తరబడి ఇక్కడే ఉండిపోవడంతో మన దేశంలో ఆ పేరు ఊరూరా పాకింది (ఊరూరా పాకినవాటిలో సగానికి పైగా బోర్డు మీద పేరు తప్ప మరేమీ లేనివే అనుకోండి). కానీ నేర్పకుండా వదిలేసిన పిల్లలు గీసే బొమ్మల మీద ఆమెకి ఏమాత్రం మోజు లేదు. ముందు చెయ్యి తయారవ్వాలి, కన్ను తయారవ్వాలి, బొమ్మ దానంతట అదే వస్తుంది అన్నారు. అందుకే ఆమె సామగ్రిలో లోహపు పలకలుంటాయి: గులాబీ చట్రం, నీలం ముక్క, పది ఆకారాలు. ఆకారం చుట్టూ పెన్సిలు తిప్పి లోపల దగ్గర దగ్గరగా గీతలతో నింపాలి. ఎవరు చూసినా ఇది వ్యాయామం అనే అంటారు. ఆ నిజాయితీ నచ్చుతుంది. కాకపోతే చెయ్యి తయారయ్యాక ఏం చెయ్యాలో ఆ పద్ధతి పెద్దగా చెప్పదు, చాలా మాంటిస్సోరి గదుల్లో చిత్రకళ ఒక మూల షెల్ఫుకే పరిమితం.

ఈ రెండు కొసల మధ్య దారి ఉందా అంటే ఇటలీలో రెజియో ఎమీలియా అనే ఊరు చూపించింది. విద్యావేత్త లోరిస్ మలగుజ్జి నాయకత్వంలో 1963 నుంచి అక్కడి మునిసిపాలిటీ నడుపుతున్న పిల్లల స్కూళ్లలో ప్రతి చోటా బొమ్మలకీ కళలకీ ఒక గది ఉంటుంది, దానికి కళలో శిక్షణ ఉన్న మనిషి ఒకరు ఉంటారు. వాళ్ల పనుల్లో బాగా పేరొచ్చింది సింహం బొమ్మ. ఊళ్లో సాన్ ప్రోస్పెరో చర్చి ముందు రాతి సింహాలున్నాయి, పిల్లలు రోజూ చూసేవే. టీచర్లు పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లారు. పిల్లలు సింహాల మీదెక్కి కూర్చున్నారు, నోట్లో చెయ్యి పెట్టారు, తమ ఒళ్లుతో కొలిచి చూశారు, అక్కడే నేల మీద కూర్చుని గీశారు, స్కూలుకి వచ్చి మళ్లీ గీశారు, మట్టితో చేశారు, నీడలతో ఆడారు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. సింహమే వెయ్యాలని పెద్దలే నిర్ణయించారు, అంటే పాఠం ఇచ్చిందే, ఎవరి ఇష్టం వాళ్లది కాదు. మట్టి ఎలా పిసకాలి, కాళ్లు విరిగిపోకుండా ఎలా నిలబెట్టాలి అన్నవీ నేర్పారు. కానీ చివరికి వచ్చే సింహం ఎలా ఉండాలో ఎవరూ ముందే వేసి చూపించలేదు. ఒకరి సింహానికి జూలు ముఖ్యం, ఇంకొకరికి పళ్లు. వాల్డార్ఫ్ ఒకటో తరగతిలో విషయం, రంగు, పద్ధతి, రంగు వెయ్యాల్సిన చోటు, ముగింపు అన్నీ ముందే ఖాయం, పిల్ల చేతికి మిగిలింది మణికట్టు ఊపు ఒకటే. రెజియోలో విషయం మాత్రమే ఖాయం. ఏ స్కూలునైనా ఈ లెక్కతో చూడొచ్చు: ఏవేవి పెద్దలు ముందే తేల్చేశారు, ఏవి పిల్లలకి వదిలారు అని. స్వేచ్ఛ ఉందా లేదా అని మొత్తంగా అడిగితే ఎవరూ లేదనరు.

రెజియోకి కూడా ఖర్చుంది మరి. ఒక్కో బడికి ఒక కళాకారుణ్ణి జీతమిచ్చి పెట్టుకోవడం, పిల్లల మాటలన్నీ రాసి ఫోటోలు తీసి దాచడం, ఒకే పని మీద వారాల తరబడి కూర్చోవడం, ఇవన్నీ ఒక మునిసిపాలిటీ మొండిపట్టుతో డబ్బు పెడితే జరిగినవి. మన దగ్గర రెజియో పేరు పెట్టుకున్న ప్లేస్కూళ్లలో చాలావరకు కనిపించేది లేత రంగు చెక్క ఫర్నిచరు.

ప్రత్యామ్నాయ స్కూళ్లన్నిటికీ తమదైన ఒక బొమ్మల శైలి ఎందుకు వస్తుంది అని ఆలోచిస్తే మన సొంత ఉదాహరణే ఉంది. 1910లో కోపల్లె హనుమంతరావు గారు మొదలైనవాళ్లు మచిలీపట్నంలో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు, ఇంగ్లీషు ప్రభుత్వ చదువుకి ప్రత్యామ్నాయంగా. అక్కడికి బెంగాల్ నుంచి ప్రమోద్ కుమార్ చటోపాధ్యాయ వచ్చి చిత్రలేఖనం నేర్పారు, అడివి బాపిరాజు గారు ఆయన దగ్గరే నేర్చుకున్నారు. నేర్పింది బెంగాల్ పద్ధతి. అవనీంద్రనాథ్ ఠాగూర్ జపాన్ చిత్రకారుల్ని చూసి రూపొందించుకున్న వాష్ విధానం అందులో ముఖ్యం. వేసిన బొమ్మని నీళ్లలో తడిపి, మళ్లీ రంగు పూసి, మళ్లీ తడిపి, అంచులు కరిగి పొగమంచులా కనిపించేదాకా చేస్తారు. బ్రిటిష్ ఆర్టు స్కూళ్ల నూనెరంగులూ నకళ్లూ కాకుండా మన దేశపు చూపు కావాలన్నది వాళ్ల ఆశయం, ఆ ఆశయానికి ఆ మసక రంగులు గుర్తయ్యాయి. కొంతకాలానికి అదీ ఒక మూసేనని వెక్కిరించినవాళ్లు వచ్చారు. ఒక పట్టుదల కోసం పెట్టిన స్కూలుకి ఆ పట్టుదల రంగు అంటుకోకుండా ఎలా ఉంటుంది? బాపిరాజు లాంటివాళ్లకి అది పట్టు దొరికిన చోటు, ఇంకొందరికి అక్కడే ఆగిపోయిన చోటు. తేడా ఏమిటంటే మచిలీపట్నంలో చేరినవాడికి తను ఎందుకు అలా వేస్తున్నాడో తెలుసు, జాతీయత అని ద్వారం మీదే రాసి ఉంది.

మరి ఈ నియమాల మధ్య పెరిగిన పిల్లల ఊహ నిజంగా మొద్దుబారుతుందా? ఇక్కడ విమర్శకులకి ఇబ్బంది కలిగించే ఆధారం ఒకటి ఉంది. మౌరీన్ కాక్స్, ఆన్నా రోలాండ్స్ అనే ఇద్దరు పరిశోధకులు బ్రిటన్‌లో స్టైనర్, మాంటిస్సోరి, మామూలు స్కూళ్ల పిల్లల బొమ్మల్ని పోల్చి 2000లో ఫలితాలు ప్రచురించారు. ఇష్టమొచ్చింది వెయ్యమన్నారు, ఒక దృశ్యం వెయ్యమన్నారు, ఎదురుగా ఉన్నది చూసి వెయ్యమన్నారు. మొత్తం మీద స్టైనర్ స్కూలు పిల్లల బొమ్మలకే ఎక్కువ రేటింగు వచ్చింది, ఇష్టమొచ్చింది వెయ్యమన్నప్పుడు కూడా. అంటే నియమం పెట్టినంత మాత్రాన చెయ్యి కట్టేసినట్టు కాదు. సంబరపడేముందు రెండు మూడు విషయాలు చూసుకోవాలి. ఆరేడేళ్ల చిన్నపిల్లలు, అదీ అరవై మంది, అంతకు మించి కాదు. స్టైనర్ స్కూలుకి పిల్లల్ని పంపే ఇళ్లలో రంగులూ కాగితాలూ ముందే ఉంటాయి, టీవీ తక్కువ ఉంటుంది, బొమ్మ వేస్తే మెచ్చుకునే నాన్న ఉంటాడు. పైగా రోజూ రంగులతో గడిపే పిల్లలకి రంగు బాగా వస్తుంది, అందులో వింతేముంది. పెద్దల కంటికి ఏది అందంగా ఉందో కొలవడం వేరు, ఇంతవరకు ఎవరూ వెయ్యనిది వేశాడా అని కొలవడం వేరు. అయినా సరే, ఒకేలాంటి బొమ్మలు వేయించారు కాబట్టి వీళ్లకి సొంతంగా చేతకాదు అనే మాట మాత్రం ఇక తేలిగ్గా అనలేం.

సాధన చివర స్వేచ్ఛకి తెరుచుకునే ఆ తలుపు సంగతికి వస్తే, వాల్డార్ఫ్ పాఠ్యక్రమంలో అది ఉంది, కాకపోతే చాలా ఆలస్యంగా తెరుచుకుంటుంది. ఒకటో తరగతిలో రంగే తప్ప ఆకారం లేదు. ఆ తర్వాత కథల్లోని జంతువులు రంగుల్లోంచి తేలతాయి. నాలుగులో అల్లికల్లాంటి ముడుల గీతలు. ఆరులో జ్యామితి, బొగ్గుతో వెలుగునీడలు, అక్కడ నలుపు చేతికొస్తుంది. ఏడులో పర్‌స్పెక్టివ్ (దూరం దగ్గర తెలిసేలా గీయడం), యూరప్ పునరుజ్జీవనం పాఠంతో కలిపి. తొమ్మిదికి పూర్తిగా నలుపు తెలుపు. మంచి వాల్డార్ఫ్ స్కూలు పెద్ద తరగతుల పని చూస్తే నోరెళ్లబెట్టాల్సిందే. కానీ మన దగ్గర ఎంతమంది అంతదాకా ఉంటారు? ఐదో తరగతి అయ్యేసరికి ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది, ఏడుకల్లా ఐఐటీ ఫౌండేషన్ ఉన్న చోటికి మార్చేస్తారు. అలా మారిన పిల్లకి మిగిలేది నియమం ఉన్న సగమే. తలుపు తెరుచుకునే సగం దాకా ఆమె ఉండదు. కోర్సు మధ్యలో ఆపేస్తే ఎవరి తప్పు అని స్కూలు అడగొచ్చు, అందులో న్యాయం ఉంది. అయితే ఇక్కడి కుటుంబాలు మధ్యలో వెళ్లిపోతాయని తెలిసి కూడా చిన్న తరగతుల్లో కాస్త ముందుగా తాళం తియ్యకపోవడం మొండితనమే.

ఇంకో సంగతి, ఇది కాస్త సున్నితం. చాలామంది తల్లిదండ్రులకి ఆంత్రోపాసఫీ అనే మాటే తెలియదు. నలుపు ఎందుకు లేదని అడిగితే ఈ వయసు పిల్లలకి అది బరువుగా ఉంటుందండీ అంటారు, మూలలు ఎందుకు గుండ్రం అంటే మృదువుగా ఉంటుందండీ అంటారు. మృదువు అనే జవాబుతో వాదించలేం. స్టైనర్ అనే ఆయన రంగులకి ఆత్మ లాంటిది ఉందని నమ్మారు, పిల్లల ఎదుగుదల ఏడేళ్ల దశల్లో జరుగుతుందని నమ్మారు, మేమూ ఆ ప్రకారమే నడుస్తున్నాం అని సూటిగా చెబితే ఎవరి ఇష్టం వాళ్లు తేల్చుకుంటారు. మన దేశంలో ఆధ్యాత్మికత అంటే పారిపోయేవాళ్లు తక్కువే, దాచాల్సిన పని కూడా లేదు. టీచర్లలో కూడా లోతుగా చదివినవాళ్లు స్టైనర్ చెప్పింది సూచనగా తీసుకుంటారు, వాళ్ల గదిలో నీలం మధ్యలోకి వచ్చినా ఏమీ మునిగిపోదు. నాలుగు వారాల ట్రైనింగుతో వచ్చినవాళ్లే గైడు పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు దించుతారు, వాళ్లకి భయం మరి, ఏది మార్చితే ఏది చెడుతుందో తెలియదు.

పిల్లల్ని చేర్పించే ఆలోచనలో ఉన్నవాళ్లకి ఉపయోగపడే పని ఒకటుంది. స్కూలు చూపించేటప్పుడు చిన్న తరగతుల అందం దగ్గర ఆగిపోకుండా ఆరు, ఏడు తరగతుల పిల్లల పుస్తకాలు అడగాలి. ఒకే పాఠానికి సంబంధించినవి నాలుగైదు తీసుకుని పక్కపక్కన పెట్టి చూడాలి, ఎక్కడ విడిపోయాయో, అసలు విడిపోయాయో లేదో తెలిసిపోతుంది. ఆ తర్వాత టీచర్ని ఒక మాట అడగాలి: మీరు చెప్పింది కాకుండా మా పిల్ల ఇంకేదో వేస్తే ఏం చేస్తారు? అలా జరగదండీ అంటే ఒక అర్థం. ఈ పాఠం వరకు చెప్పినట్టు చెయ్యమంటాం, వేరే సమయంలో తన ఇష్టం అంటే ఇంకో అర్థం, అప్పుడు ఆ వేరే సమయం టైంటేబుల్లో ఎక్కడుందో చూపించమనాలి, పెన్సిలూ నలుపూ అక్కడ దొరుకుతాయో లేదో కూడా. అలా వేసిన బొమ్మలు మా దగ్గర ఉన్నాయి చూడండి అని ఎవరైనా బీరువా తెరిస్తే మిగతా ప్రశ్నలు ఫీజు గురించి అడుక్కోవచ్చు.